వేషము, వ్యక్తి, పిలుపు

“చీర కట్టిన పురుషుని ఏమని పిలిచిన నేమి? మాటలో ఏమున్నది?” అని ఒక పండితమిత్రుడు నన్ను ప్రశ్నించెను. ప్రశ్న అమాయకముగనే కనిపించును. కాని మన దేశమున అదే చీర ఎవరికి పురస్కారము తెచ్చినదో, ఎవరిని చెరసాలకు పంపినదో ఎరిగినవానికి ఆ అమాయకత్వము సహింపరానిది.

మరాఠీ రంగస్థలమున నారాయణరావు రాజహంస, అనగా బాలగంధర్వుడు, 1905లో శకుంతలగా ప్రవేశించెను. ఆయన చీరకట్టును, నగల తీరును సంపన్నగృహముల స్త్రీలు అనుకరించిరని ప్రసిద్ధి. గుజరాతీ రంగమున జయశంకర్ భోజక్ ధరించిన పాత్ర పేరే ఆయనకు శాశ్వతమై, లోకము ఆయనను ‘సుందరి’ అనియే పిలిచినది. ఇక స్థానం నరసింహారావుగారి సత్యభామను, మధురవాణిని గూర్చి తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. ప్రభుత్వము స్థానంవారికి 1956లో పద్మశ్రీని, బాలగంధర్వునకు 1964లో పద్మభూషణ్‌ను ఇచ్చినది. అర్హులకే ఇచ్చినది.

రెండవ ప్రక్క చూడుడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టమున రెండవ భాగము హిజ్రాలను ఉద్దేశించినది. అనుమానమున్నవారి పేర్లు, నివాసములు, ఆస్తులు పట్టికల కెక్కించిరి. పట్టికలోనివారు స్త్రీవలె అలంకరించుకొని వీధిలో కనబడినను, బహిరంగముగా ఆడినను, వాద్యము వాయించినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్ల వరకు ఖైదు. నిజాం రాజ్యమున 1919లో, ఫసలీ 1329న, ఇట్టి చట్టమే వెలసినది. బాలగంధర్వుని కీర్తి మిన్నంటిన కాలమది! అవే గాజులు, అదే నాట్యము. టిక్కెట్టు కొన్నచోట కళ, కొననిచోట నేరము. వ్యక్తి తన లింగమును తానే నిర్ణయించుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చెను. ఆ హైదరాబాదు చట్టమును తెలంగాణ హైకోర్టు కొట్టివేయుటకు 2023 రావలసివచ్చెను.

బట్టను చూచి మనిషిని నిర్ణయించుటయే ఈ అనర్థమునకు మూలము. నటుడు స్త్రీపాత్రను ధరించును. తెర పడిన పిమ్మట రంగు కడుగుకొనును. వేరొకరు తన మనస్సు కోరినందున ఎప్పుడో ఒకప్పుడు స్త్రీవస్త్రము కట్టుకొనును. తాను పురుషుడననియే ఆయన చెప్పును. ఆయన ఎవరిని ప్రేమించునో ఆ వస్త్రము చెప్పజాలదు. మరియొకరిని పుట్టుకనాడు మగబిడ్డ యని వ్రాసికొనిరి. తాను స్త్రీనని ఆమె ఎరుగును. ఆమె చీరను ‘వేషము’ అనుటయే అసత్యము. మన భాషలలో ఆ మాటకు మోసమను నీడ కలదు గదా. ‘వేషాలు వేయకు’ అని పిల్లలను గద్దించునది అందుకే. ఈ మువ్వురిని ఒక్క తిట్టుమాటతో చుట్టబెట్టుట సోమరితనము. హిజ్రా అనునది గురుశిష్య పరంపర గల ఒక సమాజము పేరు; చీర కట్టిన ప్రతివారికి అది చెల్లదు. తమిళులు తిరునంగై, తిరునంబి అను మర్యాదగల మాటలను వాడుకలోనికి తెచ్చిరి. మద్రాసు హైకోర్టు ప్రేరణతో తమిళనాడు ప్రభుత్వము 2022లో ఇట్టి పదముల పట్టికను గెజెట్టులో ప్రకటించెను. మనకు ‘కొజ్జా’, ‘పేడి’ మిగిలినవి.

తెలుగున చిక్కు మరికొంత లోతైనది. ‘వచ్చినాడు’ అనగా పురుషుడు. ‘వచ్చినది’ అనగా స్త్రీయు కావచ్చును, గొడ్డును కావచ్చును. కొందరిని ‘అది’ అని పిలుచుటలోని క్రౌర్యము ఇక్కడ దాగియున్నది. కాని ‘వారు వచ్చినారు’ అనుటకు వ్యాకరణము ఏనాడును అడ్డుపడలేదు.

ఇదంతయు పాశ్చాత్య వ్యామోహమని కొందరందురు. విరటుని కొలువున ఏడాదిపాటు బృహన్నల నాట్యము నేర్పినది ఏ పశ్చిమమున? 1871 చట్టమును వ్రాసినది మాత్రము నిశ్చయముగా ఇంగ్లీషువారే. ఝాన్సీరాణి పురుషవేషమున గుఱ్ఱమెక్కెనని పాఠములలో పొగడుదుము. పురుషుడు స్త్రీవస్త్రము కట్టినచో నవ్వుదుము. స్త్రీత్వమును దిగుడుమెట్టుగా నెంచువారికే ఈ నవ్వు వచ్చును.

“తెలియనిచోట ఏమని పిలువవలెను?” అని మిత్రుడు తుదకు అడిగెను. వారినే అడుగుడంటిని. అట్లడుగుట అమర్యాద యని ఆయన సంకోచించెను. రైలుపెట్టెలో ఎదుటివారి కులమును, జీతమును, సంతానములేమికి కారణమును అరగంటలో రాబట్టు మహానుభావుడాయన.