సార్వభౌమత్వం లేదు సరే, అడిగే మర్యాదైనా ఉండాలి కదా!

మన రాష్ట్రాలకు సార్వభౌమత్వం లేదని సుప్రీంకోర్టు 1962లోనే తేల్చేసింది. 1957 నాటి చట్టం కింద తమ బొగ్గు భూములను కేంద్రం తీసుకోవడం చెల్లదని పశ్చిమ బెంగాల్ దావా వేసింది. ఆరుగురు న్యాయమూర్తుల్లో ఐదుగురు కేంద్రం వైపే నిలిచారు. విభేదించిన ఒక్కరూ రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. ఎవరి పరిధిలో వారే సర్వాధికారులని, ఆ పరిధిలో రాష్ట్రం కేంద్రానికి తక్కువ కాదని ఆయన వాదన.

ఆ వాదన ఓడిపోయినా పూర్తిగా చావలేదు. రాష్ట్రాలు కేంద్రానికి తోకలు కావని 1994లో రాష్ట్రపతి పాలన విధింపుపై వచ్చిన బొమ్మై కేసులో కోర్టే చెప్పింది. ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలదేనని 2024లో తొమ్మిదిమంది ధర్మాసనం 8-1తో తీర్పిచ్చింది. అంటే సార్వభౌమత్వం లేకున్నా అధికారం ఉంది. కానీ ఉనికికే భరోసా లేదు.

రాజ్యాంగంలోని ఆర్టికల్ 3 ప్రకారం రాష్ట్రం పేరునూ సరిహద్దులనూ చివరికి ఉనికినీ పార్లమెంటు సాధారణ మెజారిటీతో మార్చేయవచ్చు. అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, వినాలని మాత్రం లేదు. అమెరికాలోనైతే ఒక రాష్ట్రాన్ని చీల్చాలంటే దాని శాసనసభ ఒప్పుకొని తీరాలి.

మనకూ ఆ నియమం ఉంటే బాగుండేదని అనేవాళ్లు 2014ను ఒకసారి గుర్తు చేసుకోవాలి. విభజన బిల్లును ఆ జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూజువాణి ఓటుతో తిరస్కరించింది. మూడు వారాలు తిరగకముందే లోక్‌సభ ఆమోదించింది. సీమాంధ్రలో ఇప్పటికీ మానని గాయం అది. కానీ ఆ అసెంబ్లీలోని 294 స్థానాల్లో 175 సీమాంధ్రవి, 119 తెలంగాణవి. అసెంబ్లీ సమ్మతి తప్పనిసరై ఉంటే తెలంగాణ వచ్చేదా? రాష్ట్ర సార్వభౌమత్వం వినడానికి గంభీరంగానే ఉంటుంది. రాష్ట్రం లోపల సంఖ్యాబలం లేని ప్రాంతానికి మాత్రం అదే సంకెల అవుతుంది. అందుకే వీటో అడగడం నాకు సబబుగా తోచదు.

అయితే 2014లో కనీసం అడిగారు. 2019 ఆగస్టులో జమ్మూకశ్మీర్‌కు అసెంబ్లీయే లేదు, రాష్ట్రపతి పాలన నడుస్తోంది. అసెంబ్లీ చెప్పాల్సిన అభిప్రాయాన్ని పార్లమెంటే చెప్పింది. అడిగిందీ ఢిల్లీయే, జవాబిచ్చిందీ ఢిల్లీయే. రాష్ట్రం కాస్తా రెండు కేంద్రపాలిత ప్రాంతాలైంది. ఒక రాష్ట్రాన్ని పూర్తిగా కేంద్రపాలిత ప్రాంతంగా దించవచ్చా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 2023 డిసెంబరు తీర్పులో తేల్చలేదు, రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామన్న కేంద్రం మాట మీద పక్కన పెట్టింది. ఇంత పెద్ద ప్రశ్నను ఒక హామీకి వదిలేయడం సరికాదు.

ఆర్టికల్ 3కు రెండు సవరణలు కావాలి. ఎన్నికైన అసెంబ్లీ లేనప్పుడు ఆ రాష్ట్రాన్ని మార్చే బిల్లు తేకూడదు. ఏ రాష్ట్రాన్నీ కేంద్రపాలిత ప్రాంతంగా దించకూడదు. రాష్ట్రాల హక్కుల గురించి ఎన్నికల సభల్లో గొంతు చించుకునే పార్టీలు ముందుగా పార్లమెంటులో ఈ రెండూ అడగాలి.