పరీక్ష తల్లి రక్తానికి, నిర్లక్ష్యం బిడ్డ చెవికి

"నా రక్తంల వైరస్ ఉన్నదట అక్కా. గందుకే కడుపు నిలుస్తలేదట."

వరంగల్ చుట్టుపక్కల ఊళ్ళలో స్త్రీలతో ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నప్పుడు ఒకామె నాతో అన్న మాట ఇది. మూడుసార్లు గర్భస్రావమైంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 'టార్చ్' పరీక్ష రాశారు. పత్తి ఏరిన కూలి డబ్బులు దానికి పోయాయి. 'సైటోమెగలో వైరస్ ఐజిజి - పాజిటివ్' అని కాగితం వచ్చింది. ఆ కాగితం ఆమె చేతికన్నా ముందు అత్త చేతికి వెళ్ళింది. "రోగపుదాన్ని అంటగట్టిన్రు" అని పంచాయితీ పెట్టారు. కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేస్తామంటున్నారు. అతని రక్తాన్ని మాత్రం ఎవరూ పరీక్షించలేదు.

పరీక్షించి ఉంటే దాదాపు ఖాయంగా అదే 'పాజిటివ్' వచ్చేది. అత్తకు, పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషులకు, పరీక్ష రాసిన డాక్టరుకు కూడా అదే వచ్చేది. ఎందుకంటే మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్ ఎప్పుడో సోకే ఉంటుంది. ఎక్కువమందికి చిన్నతనంలోనే, ఏ లక్షణమూ లేకుండా లేదా చిన్న జ్వరంతో వచ్చిపోతుంది. ఆ తర్వాత జీవితాంతం శరీరంలో నిద్రాణంగా ఉండిపోతుంది. ఐజిజి పాజిటివ్ అంటే శరీరానికి ఆ వైరస్ జ్ఞాపకం ఉందని మాత్రమే అర్థం. అది జబ్బు కాదు. శీలానికి సంబంధించిన సర్టిఫికెట్ అంతకన్నా కాదు.

పదేపదే జరిగే గర్భస్రావాలకు ఈ వైరస్ కారణమని రుజువు కాలేదు. అలాంటి స్త్రీలకు టార్చ్ పరీక్ష వల్ల ఉపయోగం లేదని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2011లోనే స్పష్టం చేసింది. అసలు 1971లో అమెరికాలో ఆండ్రే నామియాస్, ఆయన సహచరులు 'టార్చ్' అనే పేరు పెట్టింది పుట్టబోయే, పుట్టిన శిశువులకు సోకే జబ్బులను గుర్తుంచుకోవడానికి. బిడ్డల కోసం పుట్టిన మాట మన దగ్గర తల్లుల నుదుటి మీద ముద్రగా మారింది. ఈ మార్పు వెనక ప్రయోగశాలల వ్యాపారం ఉంది. సంతానం విషయంలో లోపమంటూ ఉంటే అది ఆడదానిలోనే ఉంటుందన్న పితృస్వామ్య నమ్మకమూ ఉంది. ఒకదానికొకటి తోడుగా బతుకుతున్నాయి.

అలాగని ఈ వైరస్ ప్రమాదం లేనిదని నేననడం లేదు. ఎయిడ్స్ ఉన్నవారిలో, అవయవ మార్పిడి జరిగినవారిలో ఇది కళ్ళను, ప్రాణాన్ని కూడా తీయగలదు. గర్భంలో ఉన్న శిశువుకు సోకితే కొందరిలో తల చిన్నదై, ఎదుగుదల మందగిస్తుంది. జన్యుపరం కాని పుట్టు వినికిడి లోపానికి ప్రపంచంలో ముఖ్యమైన కారణం ఇదే. సోకి పుట్టిన శిశువుల్లో పదిమందికి ఒకరికే పుట్టినప్పుడు లక్షణాలు కనిపిస్తాయి. మిగతావారు ఆరోగ్యంగానే ఉంటారు, కానీ వాళ్ళలో కూడా కొందరికి నెలలు, ఏళ్ళు గడిచాక వినికిడి తగ్గిపోతుంది.

ఇక్కడే అసలు విషయముంది. ముందే వైరస్ ఉన్న తల్లిలో కూడా అది మళ్ళీ మేల్కొని, లేదా కొత్త రకం సోకి, బిడ్డకు చేరవచ్చు. మనలాంటి దేశాల్లో ఎక్కువ కేసులు ఇలాంటివే. అంటే తల్లి ఐజిజి కాగితం చూసి ఏ బిడ్డకు ప్రమాదమో చెప్పలేం. చెప్పగలిగేది బిడ్డ పరీక్షే. పుట్టిన మూడు వారాల్లోపు మూత్రం గానీ లాలాజలం గానీ పరీక్షిస్తే తెలుస్తుంది. లక్షణాలున్న శిశువులకు మొదటి నెలలోనే మొదలుపెట్టే మందు కూడా ఉంది. వినికిడి పరీక్షలో తప్పిన ప్రతి శిశువుకూ ఈ పరీక్ష జరగాలని అమెరికాలోని యూటా రాష్ట్రం 2013లో చట్టం చేసింది. అదే 2013లో మన దేశంలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టు చెవుడు ఉంది. జాబితాలో ఉంటే సరిపోతుందా? రెండేళ్ళు దాటినా మాట రాకపోతే "వాళ్ళ నాయనకు గూడ ఆలస్యంగనే వచ్చింది" అని ఇంట్లో సర్దిచెప్పుకుంటారు. ఆ తర్వాత కాక్లియర్ ఇంప్లాంట్ వయసు దాటిపోతుంది. అప్పుడు మళ్ళీ తల్లినే అడుగుతారు, "గ్రహణం పూట బయట తిరిగినవా?" అని.

ఇక జాగ్రత్తల సంగతి. ఈ వైరస్ చిన్నపిల్లల ఉమ్ములో, మూత్రంలో నెలల తరబడి ఉంటుంది. బిడ్డ ముక్కు తుడిచాక, బట్టలు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోమని, బిడ్డ ఎంగిలి తినొద్దని గర్భిణులకు చెప్పాలి. నిజమే. కానీ ముక్కులు తుడిచేదెవరు? తల్లులు, బడి మానేసిన అక్కలు, అంగన్‌వాడీ ఆయాలు. ఎంగిలి ఎందుకు తింటుంది ఆడది? చివర్న ఆమెకు మిగిలేది అదే కనుక. నీళ్ళూ సబ్బూ ఇవ్వకుండా చెప్పే సలహా రేపు మరో నిందగా మారుతుంది. చనుబాలు మాన్పించడం కూడా పరిష్కారం కాదు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు తల్లిపాల ద్వారా ఈ వైరస్ చేరినా హాని ఉండదు.

అందుకే మనం అడగవలసినవి ఇవి. గర్భస్రావాల పేరుతో టార్చ్ పరీక్షలు రాయడం ఆపాలి. ఏ పరీక్షైనా ఎందుకో ముందు ఆమెకు చెప్పాలి, ఫలితం ఆమె చేతికే ఇవ్వాలి. వరంగల్ సి.కె.ఎం. ప్రసూతి ఆసుపత్రి నుంచి చిన్న నర్సింగ్ హోం దాకా పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష జరగాలి. అందులో తప్పిన బిడ్డలకు మూడు వారాల్లోపు వైరస్ పరీక్ష ఉచితంగా చేయాలి. మాటలొచ్చే దాకా వినికిడిని మళ్ళీ మళ్ళీ చూడాలి. ప్రతి అంగన్‌వాడీలో నీళ్ళుండాలి.

ఆమెకు ఆ కాగితంలో ఏముందో అర్థమయ్యేట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మరి గీ మాట డాక్టరు మా అత్తకెందుకు చెప్పలే?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఆమె కాదు.