ఆ ఒక్క సెట్టింగ్ ఆన్ చేస్తే పాత పీసీ స్పీడ్ డబుల్ అవుతుందా? ఎస్ఎంటీ వెనుక అసలు కథ ఇదీ!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పోనీ కొత్త కంప్యూటర్ కొందామంటే ర్యామ్ రేట్లు చూసి జనం వెనక్కి తగ్గుతున్నారు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ ఎంతలా ఉందంటే.. మామూలు కొనుగోలుదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ బిజినెస్ నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ ప్రకటించేసింది. దీంతో ఉన్న పీసీనే ఇంకొన్నాళ్లు లాగించాలని చూసేవాళ్లు పెరిగారు. సరిగ్గా ఇక్కడే ఓ మాట గట్టిగా వినిపిస్తోంది. బయోస్‌లోకి వెళ్లి హైపర్ థ్రెడింగ్ ఆన్ చేస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా స్పీడ్ డబుల్ అయిపోతుందట! ఇందులో నిజమెంత? అపోహ ఎంత?

అసలేంటీ ఎస్ఎంటీ?

పూర్తి పేరు సైమల్టేనియస్ మల్టీథ్రెడింగ్. ఇంటెల్ దీన్నే హైపర్ థ్రెడింగ్ అంటుంది. టిఫిన్ సెంటర్‌లో దోశ మాస్టర్‌ని గుర్తుచేసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ఆర్డర్‌కి చట్నీ ఇంకా రాలేదనుకోండి. మాస్టర్ చేతులు కట్టుకుని నిల్చోడు, ఈలోపు రెండో ఆర్డర్ పని అందుకుంటాడు. ప్రాసెసర్‌లోని కోర్ కూడా అంతే. ర్యామ్ నుంచి డేటా వచ్చేదాకా దాని భాగాలు చాలాసార్లు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీల్లో రెండో పనిని దూర్చడమే ఎస్ఎంటీ.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆర్డర్లు రెండైనా మాస్టర్ ఒక్కడే, పెనం ఒక్కటే. రెండింటికీ ఒకేసారి పెనం కావాల్సి వస్తే ఒకటి ఆగాల్సిందే. అందుకే 4 కోర్ల ప్రాసెసర్‌కి విండోస్ 8 లాజికల్ ప్రాసెసర్లు చూపించినంత మాత్రాన అది 8 కోర్ల ప్రాసెసర్ అయిపోదు.

లాభం ఎంత?

2002లో ఈ టెక్నాలజీని మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఇంటెల్ చెప్పిన లెక్క ఇదీ. చిప్ సైజు 5 శాతం కూడా పెరగదు, కొన్ని సర్వర్ పనుల్లో వేగం మాత్రం 30 శాతం వరకు పెరుగుతుంది. అంటే తయారు చేసిన కంపెనీ కూడా డబుల్ అనలేదన్నమాట. వీడియో ఎడిటింగ్, ఫైళ్లు జిప్ చేయడం, ప్రోగ్రామ్ కోడ్ కంపైల్ చేయడం.. ఇలా పనిని ముక్కలుగా పంచుకోగలిగే చోట తేడా తెలుస్తుంది. బ్రౌజింగ్, వర్డ్ ఫైళ్లకైతే పెద్దగా తేడా ఉండదు. కొన్ని గేమ్‌లలో వేగం కాస్త తగ్గే సందర్భాలూ ఉన్నాయి. 2 కోర్లు, 4 కోర్లు ఉన్న పాత ప్రాసెసర్లకే దీని అవసరం ఎక్కువ. 16 కోర్లు ఉన్నవాడికి ఇది ఉన్నా లేకపోయినా రోజువారీ పనుల్లో తెలీదు.

మీ ప్రాసెసర్‌లో ఉందా, లేదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. బయోస్‌లో ఆన్ చేయాలంటే ముందు ఆ చిప్‌కి ఆ సౌకర్యం ఉండాలి. కోర్ ఐ5-3470లో 4 కోర్లు, 4 థ్రెడ్లు. కోర్ ఐ5-8400లో 6 కోర్లు, 6 థ్రెడ్లు. రైజెన్ 5 3500 కూడా అంతే. వీటిలో ఎంత వెతికినా ఆ ఆప్షన్ దొరకదు. అదే కోర్ ఐ7-2600లో 4 కోర్లకు 8 థ్రెడ్లు, కోర్ ఐ5-10400లో 6 కోర్లకు 12, రైజెన్ 5 3600లోనూ 6 కోర్లకు 12 ఉంటాయి.

కాబట్టి సికింద్రాబాద్ సీటీసీలాంటి చోట సెకండ్ హ్యాండ్ పీసీ కొనేటప్పుడు "ఐ5 ఉంది సార్" అనగానే సరిపోదు. ఏ మోడల్ నంబర్, ఎన్ని కోర్లు, ఎన్ని థ్రెడ్లు అని అడగాల్సిందే.

ఈ తేడా వెనుక వ్యాపారం కూడా ఉంది. 2010లో ఇంటెల్ పెంటియం జీ6951 అనే చిప్ తెచ్చింది. అందులో హైపర్ థ్రెడింగ్ ముందే ఉంది, కానీ లాక్ చేసి ఉంచారు. 50 డాలర్ల కార్డు కొని కోడ్ కొడితే అది తెరుచుకునేది. డబ్బు పెట్టి కొన్న చిప్‌లో ఉన్నదానికే మళ్లీ డబ్బా అని విమర్శలు రావడంతో ఆ పథకం ఎక్కువ కాలం నిలవలేదు.

చెక్ చేయడం ఎలా? ఆన్ చేయడం ఎలా?

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద క్లిక్ చేస్తే కోర్స్, లాజికల్ ప్రాసెసర్స్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. లాజికల్ ప్రాసెసర్లు కోర్ల కంటే ఎక్కువగా ఉంటే ఎస్ఎంటీ ఆల్రెడీ ఆన్‌లోనే ఉన్నట్టు. ఇక చేయాల్సిందేమీ లేదు. సౌకర్యం ఉన్న పీసీల్లో ఎక్కువ శాతం ఇలాగే ఆన్‌లో ఉండి వస్తాయి.

రెండూ సమానంగా ఉంటే ముందు ఆ మోడల్‌కి ఎన్ని థ్రెడ్లో కంపెనీ సైట్‌లో చూసుకోవాలి. ఎక్కువ ఉండాల్సింది తక్కువ చూపిస్తోందంటేనే బయోస్‌లోకి వెళ్లాలి. పీసీ ఆన్ అవుతుండగా డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కితే చాలా బోర్డుల్లో బయోస్ తెరుచుకుంటుంది. ఇంటెల్ అయితే సీపీయూ సెట్టింగ్స్‌లో హైపర్ థ్రెడింగ్ అని, ఏఎండీ అయితే ఎస్ఎంటీ మోడ్ లేదా ఎస్ఎంటీ కంట్రోల్ అని ఉంటుంది. అక్కడ ఎనేబుల్ లేదా ఆటో పెట్టి సేవ్ చేయాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ కనిపించదు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే బయోస్ మార్చాక రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ ముందే రాసి పెట్టుకోకపోతే సొంత ఫైళ్లే చేతికి అందకుండా పోతాయి. రెండోది వేడి. కోర్లు ఖాళీ లేకుండా పనిచేస్తే కరెంటు, వేడి రెండూ పెరుగుతాయి. ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన కూలర్‌ని శుభ్రం చేశాకే ఈ పని చేయడం మంచిది.

ఎంఎస్ కాన్ఫిగ్‌లో నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్ పెంచితే స్పీడ్ పెరుగుతుందన్న ప్రచారం మాత్రం ఉత్తిదే. విండోస్ మామూలుగానే అన్నిటినీ వాడుకుంటుంది. అక్కడ తక్కువ నంబర్ ఎంచుకుంటే నష్టమే తప్ప లాభం లేదు.

మరి భద్రత మాటేంటి?

ఒకే కోర్‌లో రెండు పనులు పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి ఒకదాని గుట్టు ఇంకోదానికి తెలిసే ప్రమాదం ఉంది. పక్కవాడి ఆర్డర్‌ని నోటితో అడగక్కర్లేదు, మన దోశ ఎంత ఆలస్యమైందో చూసి ఊహించొచ్చు. ఇలాంటి లోపాల భయంతోనే 2018 జూన్‌లో ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటెల్ చిప్‌లపై దీన్ని ఆపేసింది. 2019 మేలో జాంబీలోడ్ తరహా లోపాలు బయటపడ్డాక గూగుల్ క్రోమ్ ఓఎస్ 74లో డిఫాల్ట్‌గా ఆఫ్ చేసింది. ఆపిల్ మాత్రం పూర్తి రక్షణ కావాలనుకునే మ్యాక్ యూజర్లకు ఆపుకునే వీలిచ్చింది. అలా చేస్తే కొన్ని టెస్టుల్లో వేగం 40 శాతం వరకు పడిపోతోందని ముందే హెచ్చరించింది. ఏఎండీకీ మినహాయింపు లేదు. 2022లో స్క్విప్ అనే లోపాన్ని రైజెన్ చిప్‌లలో పరిశోధకులు బయటపెట్టారు.

అలాగని ఇంట్లో పీసీకి భయపడిపోవాలా? ఈ దాడి జరగాలంటే దాడి చేసే ప్రోగ్రామ్ అదే కంప్యూటర్‌లో, సాధారణంగా అదే కోర్ మీద నడవాలి. ఒకే చిప్‌ని ముక్కూముఖం తెలియనివాళ్లు పంచుకునే క్లౌడ్ సర్వర్లకు ఇది పెద్ద సమస్య. ఒక్క కుటుంబం వాడే పీసీకి అంతకన్నా పెద్ద ముప్పు పైరసీ సాఫ్ట్‌వేర్, అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్. అప్‌డేట్లు రాని పీసీలో ఎస్ఎంటీ ఆన్ చేసుకుని నెట్ బ్యాంకింగ్ వాడటం మాత్రం సాహసమే.

కంపెనీలకే కుదరని ఏకాభిప్రాయం

2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్ ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ చిప్‌లలో కొన్నిటి నుంచి ఇంటెల్ హైపర్ థ్రెడింగ్‌ని తీసేసింది. కోర్ ఐ9-14900కెలో 24 కోర్లకు 32 థ్రెడ్లు ఉంటే, కోర్ అల్ట్రా 9 285కెలో 24 కోర్లకు 24 థ్రెడ్లే. చిన్న కోర్లు బోలెడున్నాయి కదా, ఖాళీలు పూడ్చాల్సిన పనేంటి, కరెంటు ఆదా చేద్దాం అన్నది అప్పటి లెక్క. ఏడాది తిరగకముందే సీన్ మారింది. ఎస్ఎంటీని వదులుకోవడంతో పోటీలో వెనకబడ్డామని, డేటా సెంటర్ చిప్‌లలోకి మళ్లీ తెస్తున్నామని ఇంటెల్ సీఈఓ లిప్-బు టాన్ 2025 జులైలో ఉద్యోగులకు తెలిపారు. ఏఎండీ 2017లో రైజెన్‌తో మొదలుపెట్టి ఇప్పటికీ కొనసాగిస్తోంది. 16 కోర్ల రైజెన్ 9 9950ఎక్స్‌లో 32 థ్రెడ్లున్నాయి. ఆపిల్ ఎం సిరీస్ చిప్‌లలో అసలు ఎస్ఎంటీనే లేదు. కాబట్టి థ్రెడ్లు ఎక్కువుంటే మంచి చిప్, తక్కువుంటే పాడు చిప్ అనుకోవడానికి వీల్లేదు.

ఫైనల్‌గా ఏం చేయాలి?

చిప్‌లో ఎస్ఎంటీ ఉండి ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసుకోవడమే లాభం. చిప్‌లో లేకపోతే దాని కోసం పీసీ మార్చాల్సిన పని లేదు. హార్డ్ డిస్క్‌తో నడుస్తున్న పీసీకి ఎస్ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా దీనికంటే చాలా ఎక్కువ. ర్యామ్ 4 జీబీ దగ్గరే ఆగిపోతే థ్రెడ్లు ఎన్నున్నా పీసీ నత్తనడకే. ఇక ఎస్ఎంటీ ఆన్ చేసినంత మాత్రాన పాత ప్రాసెసర్‌కి విండోస్ 11 అర్హత రాదు. ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచే మైక్రోసాఫ్ట్ అనుమతిస్తోంది. పీసీ మార్చాలా వద్దా అన్నది తేల్చుకోవాలంటే థ్రెడ్ల లెక్క కంటే ముందు చూడాల్సింది దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా, లేదా అన్నదే.