లడఖు సరిహద్దున కనబడిన వెలుగులు

లడఖునందలి పాంగాంగు సరస్సు సముద్రమట్టమునకు సుమారు 14,000 అడుగుల యెత్తున నున్నది. భారత చీనా దేశముల నడుమనుండు వాస్తవాధీనరేఖ దానిమీదుగా పోవుచున్నది. 2012 ఆగస్టు మొదలు 2013 ఫిబ్రవరి వఱకు అచ్చట కావలియున్న మన సైనికులు ఆకాశమున ఏమో తెలియని వెలుగులను 329 మాఱులు చూచినట్లు వ్రాసికొనిరి. అవి చీనావైపు దిగంతమున లేచి, గంటలకొలది మెల్లగా నడచి, కనుమఱుగగుచుండెను. 155 మాఱులు రేఖను దాటివచ్చినవనియు లెక్కగట్టిరి. చోదకుడు లేక యెగురు వేగు విమానములని వారి యనుమానము.

ఈ వార్త పత్రికల కెక్కగా, అన్యలోకవాసులు వచ్చిరని కొందఱు సంబరపడిరి. నిజము తేలినపిమ్మట, సిపాయిలు చుక్కను చూచి జడిసిరని మఱికొందఱు నవ్విరి. ఈ రెండు తెగలవారితోను మాకు పొత్తు కుదరదు.

నవ్వినవారు ఆ చోటును, ఆ కాలమును తలపోయలేదు. 2013 ఏప్రిలులో ఆ లడఖునందే, దెప్సాంగు మైదానమున, చీనా సైనికులు గుడారములు వేయగా మూడు వారములు ఇరుసేనలు ఎదురెదురుగా నిలిచినవి. అట్టిచోట తలమీద వెలుగొకటి నడచుచుండగా కన్నుమూసికొనువాడు కావలివాడు కాడు. తొందరపడి తుపాకి పేల్చువాడు అంతకంటె అపాయకరుడు. మనవారు వేళను గుఱుతించి కాగితముమీద పెట్టిరి. పిదప సేనాధికారులు బెంగుళూరునందలి భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థవారిని పిలిచి, ఇవి భూమికి చెందినవో ఆకాశమునకు చెందినవో తేల్చుడని కోరిరి. ఆయుధము చేతనున్నవాడు తనకు తెలియదని యొప్పుకొని పండితుని నడుగుట లోకమున తఱచుగా జరుగు పని కాదు. ఆఱు మాసములు ముందుగా నడిగియుండిన మఱియు బాగుండెడిది.

శాస్త్రజ్ఞులు తేల్చినదేమన, ఆ వెలుగులు గురుడును శుక్రుడును. 2012 ఆగస్టులో శుక్రుడు తెల్లవాఱకముందు తూర్పున ప్రకాశించుచుండెను. గురుడు డిసెంబరు మొదట సూర్యుని కెదురుగా నుండి, ప్రొద్దు గ్రుంకగనే లేచి రాత్రియంతయు కనబడెను. అంతయెత్తున గాలి పలుచన, ధూళి తక్కువ. మైదానమున నుండు మన మెఱుగనంత తీక్షణముగా గ్రహములు వెలుగును. అవి చీనావైపున లేచుటకు కారణము అది తూర్పగుటయే. చుక్కలు దినదినము సుమారు నాలుగు నిమిషములు ముందుగా లేచును. వానితో కలిసి నడచు వెలుగు విమానము కానేరదు. కంటికి కనబడినది రాడారునకు చిక్కలేదనియు అప్పుడు వార్తలు వచ్చెను. దానిని కొందఱు గొప్ప మాయగా చెప్పుకొనిరిగాని, అది మిక్కిలి దూరమున నున్నదనుటకు అదియే గుఱుతు. ఇక ఆ 155 ఉల్లంఘనముల మాట. దూరము తెలియని వెలుగు ఎవరి నేలమీద నున్నదో చెప్పు టెట్లు? లెక్క శ్రద్ధగా వ్రాసిరి. ఈ ప్రశ్న వేసికొనుట మాత్రము తప్పిపోయెను.

అమెరికా వాయుసేనయు 'బ్లూ బుక్' అను పేరున 1952 మొదలు 1969 వఱకు ఇట్టి విచారణయే నడపి, 12,618 వార్తలలో 701 తేలనివని విడిచెను. తేలలేదనగా తేలలేదనియే; దానికి వేఱొక యర్థము కల్పించుట సరికాదు.

మా కింతకంటె చింత కలిగించునది వేఱొకటి. వేగుచుక్కను చూచి యెద్దులను కట్టిన రైతుల మనుమలే మన తరగతులలో కూర్చున్నారు. గ్రహముల పేర్లు వరుసగా వ్రాయుమనిన తప్పులేక వ్రాయుదురు. ఆరుబయటకు తీసికొనిపోయి శుక్రుడేదని యడిగిన దిక్కులు చూతురు. ఆ సైనికులును ఇట్టి పాఠశాలలనుండి వెళ్లినవారే గదా! పటము గోడకు తగిలించి మేము తృప్తిపడుచున్నాము. రాత్రి యేడుగంటలకు వసతిగృహపు తలుపులు మూయబడుచున్నవి. నెలకొక నిర్మలరాత్రి, అమావాస్యకు దగ్గఱగా, ఒక గంటసేపు ఆ తలుపులు తెఱచియుంచవలెనని గృహాధికారులకును, పగటిబడి పిల్లలను ఆ రాత్రికి పంపవలెనని తలిదండ్రులకును మా మనవి. దూరదర్శిని యక్కఱలేదు, ఒక పుస్తకము, ఒక పెన్సిలు, ఒక గడియారము చాలును.