విహారయాత్రయా, విజ్ఞానయాత్రయా?

రావివలస ఎండల మల్లన్నను సేవించి బయలుదేరిన విద్యార్థుల బస్సు పలాస, ఇచ్ఛాపురము దాటి చిలికా సరస్సును చేరినదనుకొందము. పడవ షికారు, పులిహోర, ఫొటోలు: ఇంతతో యాత్ర ముగిసినదా?

ముఖద్వారము పూడి, నీటి ఉప్పదనము తగ్గి, చేపలు క్షీణించగా, ఈ సరస్సు 1993లో ఆపదలోనున్న చిత్తడినేలల అంతర్జాతీయ జాబితాకెక్కినది. 2000లో క్రొత్త ముఖద్వారము త్రవ్విరి. మత్స్యసంపద మరల పెరిగినది. 2002లో ఆ జాబితానుండి పేరు తొలగినది. చెడినదానిని మనిషి బాగుచేయగలడనుటకు ఇంతకు మించిన పాఠమేమున్నది? ఆ పాఠమునకు తగిన తరగతిగది ఆ సరస్సు ఒడ్డే.

మరలివచ్చునపుడు టెక్కలి చెంత తేలినీలాపురమున ఆగవలెను. చెట్లపై గూళ్లు కట్టు వలసపక్షులను అతిథులవలె కాపాడు గ్రామస్థులతో పిల్లలు మాటలాడవలెను. చెడినదానిని బాగుచేయుట గొప్ప. చెడకుండ కాచుకొనుట అంతకంటె గొప్ప. ఉపాధ్యాయులారా, ఈ రెండును చూపినపుడే అది విజ్ఞానయాత్ర.