గోళ్ల పరీక్ష

వారమున కొకసారి ప్రార్థన ముగిసిన పిదప విద్యార్థులు చేతులు చాచి వరుసగా నిలుచుటయు, ఉపాధ్యాయుడు వారి గోళ్లను చూచుచు పోవుటయు మన పాఠశాలలలో చిరకాలముగా నున్న యాచారము. ఆచారము మంచిదే, నడుపు తీరు మంచిది కాదని మా యభిప్రాయము. ఒరులను నిందించుటకై యిట్లనుట లేదు. మా తప్పును మే మెఱిగి చెప్పుచున్నాము.

మేము ఉపాధ్యాయవృత్తిలో క్రొత్తగా చేరిన దినములలో, వేకువనే పత్తి యేరి బడికి వచ్చిన బాలిక యొకతె గోళ్లలో నల్లరేగడి మన్ను చూచి వ్రేళ్లపై బెత్తముతో కొట్టితిమి. మరుసటి వారము మరల కొట్టబోయి, చేయి పట్టుకొని చూచితిమి. మన్ను లేదు. గోళ్లు మాత్రము పాలిపోయి, నడుమ గుంటపడి, అంచులు పైకి లేచి చెంచావలె నుండెను. ఆరోగ్యకేంద్రమునకు పంపగా రక్తహీనత యని తేలెను. మొదటి వారమును ఆ గోళ్లట్లే యుండి యుండును. మేము మన్నును చూచితిమి గాని గోటిని చూడలేదు.

గోరనగా నేమి? వెండ్రుకలలోను కొమ్ములలోను ఉండు కెరటిన్ అను మాంసకృత్తియే గోరుగా గట్టిపడును. మనము కత్తిరించు భాగము నిర్జీవము గనుక నొప్పి లేదు. జీవమంతయు మొదట చర్మము క్రింద దాగిన మూలమునందున్నది. బొటనవ్రేలి గోటి యడుగున తెల్లని యర్ధచంద్రునివలె కనబడునది ఆ మూలము యొక్క కొనయే. గోటిమొదట నంటియున్న పలుచని పొర క్రిములు లోనికి చొరకుండ కాచు తలుపు. దానిని కొఱుకరాదు, కోయరాదు.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. పూర్తిగా క్రొత్తగోరు వచ్చుటకు ఆరు మాసములు పట్టును. కాలిగోటికి ఏడాది మొదలు ఏడాదిన్నర. కావున గోరు గడచిన మాసముల దినచర్య పుస్తకమువంటిది. తీవ్రజ్వరము వచ్చి తగ్గిన కొన్ని వారములకు గోటిపై అడ్డముగా నొక గాడి కనబడుట కలదు. ఇనుము చాలనిచో చెంచాగోరు ఏర్పడవచ్చును. ఎల్లప్పుడు తడిలో నాను కాళ్ల గోళ్లు పసుపువన్నెకు మారి దళసరియైనచో బూజుతెగులేమోయని వైద్యునికి చూపవలెను. పిల్లలు కొంగలను చూచి చేతులాడించి యడుగు తెల్లమచ్చలు మాత్రము గోటిమూలమునకు తగిలిన చిన్నదెబ్బలవలన తఱచుగా కలుగును, వానికి భయపడనక్కఱలేదు.

గోరు రోగమును చూపు కిటికీ మాత్రమే కాదు, రోగము ప్రవేశించు ద్వారమును అగును. గోటిలోని మన్నుతో ఏలికపాముల గ్రుడ్లు నోటిలోనికి పోవును. కొంకిపురుగులు చెప్పులు లేని పాదముల చర్మమును తొలిచి లోనికి వచ్చి, ప్రేగులలో రక్తమును పీల్చును. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో నులిపురుగుల నివారణ దినమున బడులలో ఆల్బెండజోల్ మాత్ర నిచ్చుట ఇందులకే. వారమున కొకసారి యిచ్చు నీలిరంగు ఇనుపమాత్రయు ఇందులకే. దానిని జేబులో దాచు విద్యార్థులను మేమెఱుగుదుము. అన్నము తినిన పిదప మ్రింగవలెను. వెంటనే తేనీరు త్రాగరాదు.

పుణెకు చెందిన శ్రీధర్ చిల్లాల్ బాలుడుగా నున్నపుడు ఉపాధ్యాయుని పొడవైన గోరొకటి పొరపాటున విఱిచి చీవాట్లు తినెను. ఆ పట్టుదలతో 1952 నుండి ఎడమచేతి గోళ్లు తీయక, 2018లో తీయించునాటికి అయిదు గోళ్లును కలిసి 909.6 సెంటీమీటర్లయ్యెను, చేయి మాత్రము పనికి రాకుండ పోయెను. గర్వభంగమైన నెబుకద్నెజరునకు గోళ్లు పక్షిగోళ్లవలె పెరిగెనని దానియేలు గ్రంథములో చదువుచున్నాము. ఇచట కారణము గర్వము కాదు, గురువు కసరిన మాట.

పెద్దకొడప్‌గల్ వంటి యూళ్లలో పిల్లల చేతులకు మన్ను అంటుట తప్పు కాదు; అది వారి యింటి కష్టము. 2009 నాటి విద్యాహక్కు చట్టము కొట్టుటనే గాక మనస్సు నొప్పించుటను గూడ నిషేధించినది. బెత్తము పోయినను నలుగురి యెదుట సిగ్గుపఱచు నాలుక ఇంకను పోలేదు. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

కావున మా మనవి యిది. ప్రతి తరగతిలో నొక గోళ్లకత్తెర యుంచి, వాడిన ప్రతిసారి కడుగవలెను. మన్నున్న గోళ్లకు సబ్బును నీళ్లును చూపవలెను. పాలిపోయిన గోళ్లు కనబడినచో తలిదండ్రులకు రహస్యముగా తెలిపి రక్తపరీక్షకు పంపవలెను. గోటిని చూచి మనమే రోగనిర్ణయము చేయరాదు. గోళ్లకు రంగు వేసికొను బాలికలు పరీక్షనాడైనను దానిని తీసి రావలెను.

విద్యార్థులారా, మీరు చేతులు చాచునది దెబ్బలకొఱకు కాదు. ఉపాధ్యాయమిత్రులారా, మన యెదుట చాచిన చేతిని మొదట పట్టుకొందము. పిదప గోటిని చూతము.