ఎత్తు కారు ఎవరికి మేలు?

2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల మీద జీఎస్టీ మారిన సంగతి మీకు తెలిసిందే. చిన్న కార్లకు 28 శాతం, ఆపైన సెస్సు ఉండే పన్ను కాస్తా 18కి దిగేసరికి ఆ దసరాకి చాలా ఇళ్లలో కొత్త కారు మాట వినపడింది. ఆ హడావిడిలో అంతగా ఎవరి కంటా పడని మార్పు ఇంకొకటుంది. అంతకుముందు సెస్సుతో కలిపి పెద్ద సెడాన్లకు 48 శాతం, పెద్ద ఎస్‌యూవీలకు 50 శాతం పన్ను పడేది. ఇప్పుడు రెంటికీ ఒకటే, 40 శాతం. ఎత్తు కారుకు ప్రత్యేకంగా వేసే పన్ను పోయిందన్నమాట.

మంచిదే కదా అంటారా? నాకు మాత్రం మన దేశంలో అమ్మకానికొచ్చి, ఎవరూ కొనక వెళ్లిపోయిన ఒక కారు గుర్తొచ్చింది. వోల్వో వీ90 క్రాస్ కంట్రీ. 2017 జూలైలో, జీఎస్టీ వచ్చిన కొద్దిరోజులకే, 60 లక్షల ధరతో మన షోరూముల్లోకి దిగింది. ఇప్పుడు ఇక్కడ దొరకదు. అదే సమయంలో దానికి పోటీగా నిలబడ్డ ఆడి క్యూ7 అనే ఎస్‌యూవీ 2015 డిసెంబరులో 72 లక్షలకు వచ్చింది. 2024 నవంబరులో మెరుగులు దిద్దుకుని 88.66 లక్షలకు మళ్లీ వచ్చింది. ఒకటి పోయింది, ఒకటి నిలిచింది. ఎందుకు?

"అరవై లక్షల కారు సంగతి మనకెందుకమ్మా" అని పేజీ తిప్పేయకండి. డబ్బున్నవాళ్లు ఏది ఎంచుకుంటారో, దాని నమూనాయే మూడు నాలుగేళ్లకు మన వీధిలోకి పది లక్షల ధరలో వస్తుంది. 2024-25లో దేశంలో అమ్ముడైన ప్యాసింజర్ వాహనాల్లో దాదాపు 65 శాతం యుటిలిటీ వాహనాలే. కారు కొనకపోయినా ఆ కారు ముందు నుంచి రోడ్డు దాటాల్సింది మనమే కదా.

ముందు ఈ వ్యాగన్ అంటే ఏమిటో చెప్పుకుందాం. సెడాన్ కారు పైకప్పును డిక్కీ మీదికి కూడా సాగదీసి, వెనక ఒక తలుపు పెడితే స్టేషన్ వ్యాగన్. దాన్ని నేల నుంచి నాలుగు వేళ్లు పైకి లేపి, నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందేలా చేస్తే క్రాసోవర్ వ్యాగన్. వీ90 అనే వ్యాగన్‌ను అలా సుమారు 6 సెంటీమీటర్లు పైకి లేపి క్రాస్ కంట్రీ చేశారు. దాంతో కారు అడుగుకీ నేలకీ మధ్య 210 మి.మీ. ఖాళీ వచ్చింది. మనవాళ్లు ఎస్‌యూవీ అని ముచ్చటపడి కొనుక్కునే క్రెటాకి ఉన్నది 190 మాత్రమే. అంటే మన కాలనీ స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం గుంటలు ఈ వ్యాగన్‌కు ఒక లెక్క కాదు.

మరి తేడా ఎక్కడ? కింద లేదు, పైన ఉంది. వోల్వో మొత్తం ఎత్తు 1543 మి.మీ. క్యూ7 ఎత్తు 1740. దాదాపు ఇరవై సెంటీమీటర్లు, ఒక జానెడు. పొడవులో అయితే పెద్ద తేడా లేదు, ఒకటి ఐదు మీటర్లకు కాస్త తక్కువ, ఇంకొకటి కాస్త ఎక్కువ. బరువులో క్యూ7 రెండు టన్నులు దాటుతుంది, వోల్వో దాని లోపే. సామాను పెట్టుకోవడానికి వ్యాగన్ డిక్కీలో 560 లీటర్ల చోటుంది. క్యూ7లో ఏడుగురు కూర్చోవచ్చు, అది నిజంగా దాని గొప్పే. కాకపోతే ఏడు సీట్లూ నిండితే వెనక సూట్‌కేసులకు మిగిలే చోటు బాగా తగ్గిపోతుంది. అందరూ ఎక్కితే సామాను ఇంట్లో, సామాను ఎక్కితే పిన్నీ బాబాయి బస్సులో.

మా ఆడపడుచు వాళ్లు అమెరికా నుంచి వచ్చేసి హైదరాబాదులో స్థిరపడ్డాక, 2018లో ఈ రెండు కార్లూ చూడ్డానికి వెళుతూ నన్నూ అత్తయ్యనూ వెంటబెట్టుకెళ్లారు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పైనున్న పిడి పట్టుకుని ఎస్‌యూవీ ఎక్కడానికి ఆవిడ పడిన అవస్థ చూడాలి. వ్యాగన్‌లోకి మాత్రం కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. సీటు మన నడుము ఎత్తుకి దగ్గరగా ఉంటే పైకి ఎక్కడం, కిందికి కుంగడం రెండూ ఉండవు మరి. ఎస్‌యూవీలే పెద్దవాళ్లకు సుఖం అని అందరూ అనే మాట బాగా పల్లంగా ఉండే సెడాన్లతో పోల్చి చెప్పేది. కొంచెం లేపిన వ్యాగన్‌తో పోలిస్తే ఆ మాట నిలబడదు.

అయినా వాళ్లు కొన్నది ఎస్‌యూవీనే. "వ్యాగన్ వ్యాన్‌లా ఉంది" అన్నారు తమ్ముడుగారు. ఆ మాట మన దేశంలో పాతదే. టాటా ఎస్టేట్, మారుతి బలెనో ఆల్టురా, స్కోడా ఆక్టేవియా కాంబి, వచ్చిన వ్యాగన్లన్నీ ఆ మాట పడినవే, ఏదీ నిలవలేదు. కానీ మా ఆడపడుచు చెప్పిన కారణం వేరు. "వదినా, పక్కనుంచి లారీ పోతుంటే ఎత్తులో కూర్చుంటే భయం వెయ్యదు. పిల్లల్ని దింపి రావాల్సింది నేనే కదా" అంది. ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారెయ్యను. ఆడవాళ్లు ఎత్తు కారు కోరుకోవడం వెనక దర్పం కంటే ఈ భయమే ఎక్కువ.

ఆ భయానికి ఆధారం ఉంది కూడా. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2021లో ఒక లెక్క తీసింది. ప్రమాదాల్లో ఆడవాళ్లకు మగవాళ్లకంటే గాయాలు ఎందుకు ఎక్కువవుతున్నాయి అని చూస్తే, శరీర తత్వం కంటే నడిపే బండే పెద్ద కారణాల్లో ఒకటిగా తేలింది. ప్రమాదాల్లో చిక్కుకున్న ఆడవాళ్లలో 70 శాతం మంది మామూలు కార్లలో ఉన్నారు. పికప్ ట్రక్కుల్లో ఉన్నవాళ్లు మగవాళ్లలో 20 శాతం దాటితే, ఆడవాళ్లలో 5 శాతం కూడా లేరు. పక్క నుంచో వెనక నుంచో గుద్దిన సందర్భాల్లో, గుద్దిన బండిలో మగవాళ్లు ఉండటం ఎక్కువ. బరువైన బండి తేలిక బండిని గుద్దితే తేలిక బండిలో వాళ్లకే దెబ్బ. ఇందులో దాపరికం ఏమీ లేదు.

మరి అందరం బరువైనది, ఎత్తైనది కొనుక్కుంటే? పక్కింటివాళ్లు గోడ రెండడుగులు లేపితే మనం మూడడుగులు లేపినట్టు ఉంటుంది. పైగా ఎత్తు ఇచ్చే ధైర్యమంతా నిజమైన భద్రత కాదు. గడ్డి ఎత్తుగా వేసిన బండి మలుపులో ఎందుకు ఒరుగుతుందో మనకు తెలుసు. బడిలో చదువుకున్న గరిమనాభి సూత్రమే అది. ఈ రోజుల్లో కారు జారకుండా, ఒరగకుండా ఆపే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు ఈ రెండు కార్లలోనూ ఉన్నాయి కాబట్టి ఆ ప్రమాదం బాగా తగ్గింది. కానీ సూత్రం మారలేదు. ఐరోపా క్రాష్ పరీక్షల్లో వీ90కీ, క్యూ7కీ రెంటికీ ఐదు నక్షత్రాలు వచ్చాయి. లోపల కూర్చున్నవాళ్ల రక్షణలో వ్యాగన్ ఏమీ వెనకబడలేదన్నమాట.

బయట ఉన్నవాళ్ల సంగతే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అదే ఐఐహెచ్‌ఎస్ 2023లో పాదచారులకు జరిగిన దాదాపు 18,000 ప్రమాదాలు పరిశీలించింది. బానెట్ ముందుభాగం 40 అంగుళాలకు మించి ఎత్తున్న వాహనాలు గుద్దితే, 30 అంగుళాలో అంతకంటే తక్కువో ఉండి వాలుగా ఉన్న వాటికంటే, మనిషి చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేల్చింది. పల్లపు కారు గుద్దితే కాళ్లకు తగిలి మనిషి బానెట్ మీదికి పడతాడు. ఎత్తు కారు గుద్దితే నేరుగా నడుముకీ రొమ్ముకీ తగులుతుంది. 40 అంగుళాలంటే మూడడుగుల నాలుగంగుళాలు. అయిదడుగుల ఆడమనిషికి అది నడుము పైన. అయిదేళ్ల పిల్లకి అది తల.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళుతున్నవాళ్లే. ఫుట్‌పాత్ మీద బళ్లు, తోపుడు బండ్లు ఉంటే రోడ్డు మీదే నడిచి కూరలకూ బస్సుకీ బడికీ వెళ్లేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత తెలిసినా ఎత్తు కార్లే ఎందుకు పెరిగాయంటే అందులో చట్టాల చెయ్యి కూడా ఉంది. అమెరికాలో 1975లో పెట్రోలు పొదుపు చట్టం చేసినప్పుడు మామూలు కార్లకు ఒక నియమం, చిన్న ట్రక్కులకు దానికంటే సులువైన నియమం పెట్టారు. రైతులకూ పనివాళ్లకూ ఉపయోగపడాలని ఇచ్చిన సడలింపులోకి ఎస్‌యూవీలు దూరిపోయాయి. చివరికి సుబారు కంపెనీ 2004లో అవుట్‌బ్యాక్ వ్యాగన్‌ను కాస్త పైకి లేపి దాన్నీ ట్రక్కు లెక్కలోకి మార్చింది! ఇక్కడ మనం తిరకాసుగా ఎస్‌యూవీకి ఎక్కువ పన్ను వేశాం. నాలుగు మీటర్లకు మించిన పొడవు, 1500 సీసీకి మించిన ఇంజను, కనీసం 170 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ ఉండాలని కొలతలు పెట్టారు, "ఎస్‌యూవీగా పేరుపడినది" అనే మాట కూడా చేర్చారు. పేరు కాదనుకుంటే పన్ను తప్పుతుందా అన్న గొడవ సాగి సాగి, 2023 జూలైలో జీఎస్టీ కౌన్సిల్ పేరుతో పనిలేదు, కొలతలుంటే చాలని తేల్చింది. రెండేళ్లకి అసలు తేడానే ఎత్తేశారు.

గమనించారా, ఈ కొలతల్లో కారు పొడవుంది, ఇంజనుంది, కింద ఖాళీ ఉంది. ముందుభాగం ఎంత ఎత్తుంది అన్నది లేదు. కింద 210 మి.మీ. ఖాళీ ఉన్న వ్యాగన్, దానికంటే జానెడు ఎత్తున్న ఎస్‌యూవీ ఆ లెక్కలో ఒకే గాటన పడ్డాయి. ఎదురుగా నిలబడ్డ పిల్లకి తేడా ఉంది, పన్నుల శాఖకి లేదు.

కారు గీసేవాళ్లలో ఆడవాళ్లుంటే ఏమవుతుందో ఒకసారి చూశాం. 2004లో జెనీవా ప్రదర్శనలో వోల్వో వైసీసీ అనే నమూనా కారు పెట్టింది. దాని నిర్ణయాలన్నీ ఆడవాళ్ల బృందమే తీసుకుంది. జడ వేసుకున్నవాళ్లకు ఇబ్బంది లేకుండా తల ఆనించే దిండులో సందు పెట్టారు. డ్రైవర్ ఒడ్డూపొడుగూ కొలిచి తాళంచెవిలో దాచిపెడితే, సీటు, స్టీరింగ్, పెడల్స్ ఆవిడ కంటిచూపుకు తగ్గట్టు సర్దుకునే ఏర్పాటు చేశారు. రోడ్డు కనపడాలంటే కారును ఎత్తనక్కర్లేదు, మనిషి కంటిని సరైన చోట ఉంచితే చాలని వాళ్లకు తోచింది. ఆ కారు అమ్మకానికి రానేలేదు.

పన్ను తగ్గింది కదాని ఈ ఏడు కారు చూడబోతున్నవాళ్లు ఒక పని చెయ్యండి. డ్రైవర్ సీట్లో మీరే కూర్చుని, మూడేళ్ల పిల్లంత ఎత్తు ప్లాస్టిక్ స్టూలో బకెట్ల దొంతరో బంపర్ ముందు పెట్టించి, అది మీకు కనపడేదాకా ఒక్కో అడుగు వెనక్కి జరపమనండి. ఎన్నడుగులకు కనపడిందో రాసుకోండి. ఇంట్లో పెద్దావిడను చీరతోనే తీసుకెళ్లి ఎక్కించి దించండి. పర్సులో కుట్టుపని టేపు కూడా వేసుకెళ్లండి. మైలేజీ దగ్గర్నుంచి సీటు తోలు రంగు దాకా అన్నీ అచ్చువేసే ఆ రంగురంగుల బ్రోచర్లలో బానెట్ ఎత్తు నాకైతే ఎక్కడా కనపడలేదు.